ఓడల ఏజెన్సీ సాఫ్ట్‌వేర్: తిరుపతి డెస్క్‌లో 14 నెలలు వాడాక నా రివ్యూ

ఈ సాఫ్ట్‌వేర్ తీసుకోవచ్చా అని రెండు నెలల్లో నన్ను ముగ్గురు అడిగారు. ఒకరు కాకినాడలో చిన్న ఏజెన్సీ నడిపే సార్, మిగతా ఇద్దరూ చెన్నైలో నాతో పాటు పనిచేసిన వాళ్లు. వాళ్లకు ఫోన్లో చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. తీసుకోవచ్చు. క్రూ (ఓడ సిబ్బంది) కాగితాల పనికి, లెక్కల పనికి ధైర్యంగా తీసుకోవచ్చు. ఓడ మీద టైములు ఎక్కించే మొబైల్ యాప్ దగ్గర మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. దానివల్ల మేము మూడు రోజులు నిద్ర లేకుండా గడిపాం. ఆ సంగతి కింద రాశాను.

కంపెనీ పేరు రాయడం లేదు. మా ఆఫీసు ఇంకా వాళ్ల కస్టమరే. పైగా ఇలాంటి సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు చాలానే వచ్చాయి, ఏది కొన్నా చూసుకోవాల్సినవి దాదాపు ఇవే.

నాది తిరుపతే. పద్మావతి మహిళా యూనివర్సిటీలో ఎం.కామ్ అయ్యాక చెన్నై తంబుచెట్టి వీధిలో ఒక షిప్పింగ్ ఏజెన్సీ అకౌంట్స్‌లో చేరాను. ఏడేళ్లు అక్కడే ఉన్నాను. అమ్మకు మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక ఊరికి వచ్చేయాల్సి వచ్చింది. సరిగ్గా అప్పుడే ఇప్పుడున్న కంపెనీ ఎయిర్ బైపాస్ రోడ్డులో ఒక సపోర్ట్ ఆఫీసు తెరిచింది. మొత్తం ఐదుగురం. కృష్ణపట్నం, చెన్నై, ఎన్నూరు రేవులకు వచ్చే ఓడల కాగితాలు, లెక్కలు ఇక్కడినుంచే చూస్తాం. ఓడ ఎక్కే మనిషి రేవులో ఉంటాడు, అతను పంపినవన్నీ మా దగ్గరికొస్తాయి. కొండ కింద ఊళ్లో కూర్చుని ఓడల పనేంటని చుట్టాలు అడుగుతూనే ఉంటారు. నాయుడుపేట, గూడూరు మీదుగా కారులో పోతే మూడు గంటల్లోపు కృష్ణపట్నం వస్తుంది, అంత దూరమేం కాదని చెబుతుంటాను.

ఈ పని తెలియని వాళ్ల కోసం నాలుగు మాటలు. ఓడ ఒక రేవుకు వస్తోందంటే దాని యజమాని ముందుగానే ఆ ఊళ్లో ఒక ఏజెంటును పెట్టుకుంటాడు. పెళ్లివారికి విడిది చూసే పెద్దమనిషి పని లాంటిదే ఇది కూడా. ఓడను రేవులోకి నడిపించే పైలట్, దాన్ని లాగే టగ్ పడవలు, ఓడను కట్టే చోటు అంటే బెర్త్, కస్టమ్స్, ఇమిగ్రేషన్, పోర్ట్ హెల్త్, మంచినీళ్లు, కూరగాయలు, జబ్బు పడిన సెయిలర్‌కు డాక్టరు, ఇంటికెళ్లే సెయిలర్‌కు కారు, టికెట్టు అన్నీ ఏజెంటే చూడాలి. డబ్బు ముందే యజమాని దగ్గర తెప్పించుకుని, అందరికీ కట్టి, ఆఖరున పైసాతో సహా లెక్క అప్పజెప్పాలి. ముందు పంపే అంచనాను పీడీఏ అంటాం. ఓడ వెళ్లాక రసీదులతో పంపే అసలు లెక్క ఎఫ్‌డీఏ. ఓడ వచ్చిన నిమిషం నుంచి వెళ్లిన నిమిషం దాకా ఏ పని ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, వాన ఎంతసేపు పడింది అని వరసగా రాసేది ఎస్‌ఓఎఫ్. దాని మీద కెప్టెన్ సంతకం, మన సంతకం ఉంటాయి.

14 నెలల కిందటి దాకా ఇదంతా ఎక్సెల్, మెయిల్, వాట్సాప్‌లలో నడిచేది. ఒక్క ఓడకు నా ఇన్‌బాక్స్‌లో 200 మెయిళ్లు దాటేవి. టగ్ బిల్లు ఏ మెయిల్లో ఉందో వెతకడానికే సగం పూట పోయేది. రేవులో ఉన్న మా మనిషి వాట్సాప్‌లో రసీదు ఫొటో పంపేవాడు. అదే గ్రూపులో ఇంకొకరు గుడ్ మార్నింగ్ పెట్టేవారు, రసీదు పైకి పోయేది. నెలాఖరుకు కావాల్సి వచ్చి వెతికితే ఆ ఫొటో డౌన్‌లోడ్ అయ్యేది కాదు.

ముందు బాగున్నది చెబుతాను. క్రూ లిస్ట్ దగ్గర ఈ సాఫ్ట్‌వేర్‌కు నేను చేతులెత్తి దండం పెడతాను.

ఓడలో 22 మంది ఉన్నారనుకోండి. వాళ్ల పేర్లు, పాస్‌పోర్ట్ నంబర్లు, పుట్టిన తేదీలు, హోదాలు ఇమిగ్రేషన్‌కు ఒక పద్ధతిలో, కస్టమ్స్‌కు ఒక పద్ధతిలో, పోర్ట్ సెక్యూరిటీకి గేట్ పాస్ కోసం ఇంకో పద్ధతిలో ఇచ్చేవాళ్లం. అదే వివరం మూడు సార్లు టైపు చేయడం. నిజానికి ఈ తలనొప్పి తగ్గించాలనే 1965లోనే అంతర్జాతీయ సముద్ర సంస్థ ఒక ఒప్పందం చేసింది. జనరల్ డిక్లరేషన్, సరుకు, ఓడ స్టోర్స్ (ఓడలో వాడుకునే సామాన్లు), క్రూ సొంత సామాను, క్రూ లిస్ట్, ప్రయాణికుల లిస్ట్, ప్రమాదకర సరుకుల లిస్ట్ అని ప్రపంచమంతటా ఒకే నమూనా ఫారాలు వచ్చింది అందులోంచే. అవి ఏడూ నాకు నోటికి వచ్చు. ఆ వివరాలను ఎలక్ట్రానిక్‌గా తీసుకునే ఏర్పాటు 2019 ఏప్రిల్ 8 నుంచి ప్రభుత్వాలకు తప్పనిసరి అయింది. అన్నీ ఒకే కిటికీ దగ్గర ఇచ్చేలా సింగిల్ విండో ఉండాలన్న నియమం 2024 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. మన దేశంలో రేవు కాగితాలు ఆన్‌లైన్‌లో ఇవ్వడానికి 2018 డిసెంబరులో పీసీఎస్ 1ఎక్స్ అనే పోర్టల్ వచ్చింది, తర్వాత దాని స్థానంలో ఎన్‌ఎల్‌పీ మెరైన్ వచ్చింది. అంటే ప్రభుత్వాల వైపు తలుపు తెరుచుకుంది. మా వైపు మాత్రం ఎక్సెల్ షీట్లే మిగిలాయి.

సాఫ్ట్‌వేర్ వచ్చాక పాస్‌పోర్ట్ ఫొటో పేజీ స్కాన్ చేస్తే చాలు. ఆ పేజీ అడుగున రెండు వరసల్లో వింత గుర్తులు ఉంటాయి కదా, వరసకు 44 చొప్పున. ఏళ్ల తరబడి వాటిని చూస్తూనే ఉన్నాను గానీ అవి ఎందుకున్నాయో పట్టించుకోలేదు. పాస్‌పోర్ట్ నంబరు, పుట్టిన తేదీ, గడువు తేదీ, ఈ మూడింటి పక్కన ఒక్కో తనిఖీ అంకె ఉంటుంది. ముందున్న గుర్తులను 7, 3, 1 చొప్పున గుణించి కూడితే వచ్చే మొత్తంలో ఆఖరి అంకె అది. వీటిలో ఒక్క అక్షరం తప్పు చదివినా చాలావరకు లెక్క కలవదు, ఆ గడి ఎర్రగా మారుతుంది.

మొన్న ఏప్రిల్‌లో అలాగే ఎర్రగడి పడింది. ఫిలిప్పీన్స్ సెయిలర్ ఒకాయన. వాళ్ల పాస్‌పోర్ట్ నంబరు చివర ఒక అక్షరం ఉంటుంది. ఓడ నుంచి వచ్చిన లిస్టులో ఆ చోట 8 ఉంది. స్కాన్ దాన్ని ఒప్పుకోలేదు. ఫొటో పెద్దది చేసి చూశాను, 8 కాదు, బి. ఐదు సెకన్ల పని. కానీ నాకు చాలాసేపు మనసు మామూలు కాలేదు. చెన్నైలో ఉన్నప్పుడు సరిగ్గా ఇలాంటి ఒక్క అక్షరం తప్పుకు ఒక సెయిలర్‌ను గేటు దగ్గరే ఆపేశారు, కాగితాలు సరిచేసి పంపేసరికి అతని ఫ్లైట్ వెళ్లిపోయింది. తొమ్మిది నెలలు సముద్రంలో ఉండి ఇంటికి పోతున్న మనిషి. తప్పు టైపు చేసింది మా ఆఫీసే. ఆ రాత్రి అతను మా రిసెప్షన్‌లో బెంచీ మీద కూర్చుని ఎవరితోనో ఫోన్లో మెల్లగా మాట్లాడుతున్నాడు, పక్కన పాపకు కొన్న పెద్ద బొమ్మ ఉంది. భాష అర్థం కాలేదు గానీ ఏం చెబుతున్నాడో అర్థమైంది. ఈ ఒక్క ఎర్రగడి కోసమైనా ఈ సాఫ్ట్‌వేర్‌కు డబ్బు కట్టొచ్చని నాకు అనిపిస్తుంది.

ఒకసారి ఎక్కించిన క్రూ లిస్ట్ అన్ని ఫారాల్లోకీ దానంతటదే పోతుంది. ప్రభుత్వ పోర్టల్‌కు మాత్రం ఇది నేరుగా కలవదు. ఇక్కడ ఫైలు దించుకుని అక్కడ ఎక్కించాలి. కొనేముందు డెమోలో "అంతా ఇంటిగ్రేటెడ్" అన్నారు. నేరుగా వెళ్తుందా, ఫైలు దించి ఎక్కించాలా అని మేం అడగలేదు. మీరు తప్పక అడగండి.

తర్వాత లెక్కలు. పీడీఏ తయారు చేయడం ఇప్పుడు పావుగంట పని. ఓడ జీఆర్‌టీ (ఓడ ఎంత పెద్దదో చెప్పే లెక్క), పొడవు, ఎన్ని రోజులు ఉంటుందో ఇస్తే పోర్ట్ డ్యూస్, పైలటేజ్, బెర్త్ హైర్, టగ్‌లు, ఇలా రేవులో కట్టాల్సినవన్నీ టారిఫ్ పట్టిక, అంటే రేట్ల పట్టిక చూసి వేసుకుంటుంది. జీఎస్టీ విడిగా చూపిస్తుంది. డాలర్ రేటు ఏ రోజుదో కింద రాస్తుంది, ఇది చాలా అవసరం. డాలర్ రేటు తేదీ మీద యజమానులతో ఎన్ని గొడవలు పడ్డామో నాకు తెలుసు.

అయితే ఆ టారిఫ్ పట్టికను ఎవరో ఒకరు ఎప్పటికప్పుడు మార్చాలి. ఒకచోట రేట్లు మారిన సంగతి సాఫ్ట్‌వేర్ వాళ్లు మూడు వారాలు ఆలస్యంగా ఎక్కించారు. ఆ మధ్యలో నేను పంపిన ఒక పీడీఏలో టగ్‌ల ఖర్చు తక్కువ పడింది, మొత్తం మీద 1,86,000 రూపాయలు తేడా. ఏరు దాటే దాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అంటారు కదా. ఓడ రేవు దాటాక అదనపు డబ్బు అడిగితే యజమాని ఆఫీసులో ఎవరూ పలకరు. నెల రోజులు మెయిళ్లు రాస్తే వచ్చింది. ఆనాటి నుంచి ప్రతి సోమవారం పొద్దున టారిఫ్ పట్టిక మా ఆఫీసు పెద్దాయన కళ్లతో చూస్తారు. ఆయనకు 58 ఏళ్లు, పాత రోజుల్లో లెడ్జర్ పుస్తకంలో లెక్కలు రాసిన మనిషి. సాఫ్ట్‌వేర్ వద్దని మొదట్లో గట్టిగా చెప్పింది ఆయనే. ఇప్పుడు మా అందరికంటే ఆయనే బాగా వాడుతున్నారు. అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు, పాత ఓడ లెక్క పక్కన పెట్టుకుని కొత్తది చూసుకోవచ్చు. అవి రెండూ ఆయనకు బాగా నచ్చాయి.

ఎఫ్‌డీఏ విషయంలో తేడా స్పష్టంగా కనిపిస్తుంది. మా ఆఫీసులో ఓడ వెళ్లాక లెక్క తేలడానికి 45 రోజులు, ఒక్కోసారి రెండు నెలలు పట్టేది. ఇప్పుడు రెండు వారాల్లో పంపేస్తున్నాం. రసీదు రేవులో పుట్టిన రోజే ఫొటో ఎక్కుతుంది, ఏ ఓడది, ఏ ఖర్చు కిందిది అని అక్కడే గుర్తు పెడతారు. ఏ బిల్లు రాలేదో నాకు పసుపు రంగులో కనిపిస్తుంది. లాంచీ ఆయనకు ఫోన్ చేసి "అన్నా, 12వ తేదీ ట్రిప్పు బిల్లు ఇంకా రాలేదు" అని ఆ వారంలోనే అడగగలుగుతున్నాను. ఇంతకుముందు రెండు నెలల తర్వాత అడిగితే పాపం ఆయనకు ఏ ట్రిప్పో గుర్తుండేది కాదు.

ఇక్కడ ఒక పెద్ద లోటు ఉంది. తెలుగు రాదు దీనికి. కృష్ణపట్నం నుంచి చెన్నై ఎయిర్‌పోర్టుకు సెయిలర్లను దింపే డ్రైవర్లు, లాంచీ వాళ్లు, కూరగాయలు సరఫరా చేసేవాళ్లు చేత్తో తెలుగులో బిల్లు రాసిస్తారు. డ్రైవరన్న ఒకాయన గులాబీ రంగు కాగితం మీద "క్రిష్ణపట్నం టు చెన్నై ఎయిర్‌పోర్ట్, టోల్‌తో సహా, 6,500/-" అని రాసిచ్చాడు. అంకె పక్కన ఆ గీతను సాఫ్ట్‌వేర్ ఒకటిగా చదివింది. నా స్క్రీన్ మీద కారు ఖర్చు 65,001 రూపాయలు. ఆ అంకె పట్టుకున్నాం కాబట్టి సరిపోయింది. అది అలాగే యజమానికి వెళ్లి ఉంటే మేము దొంగ లెక్క రాశామనే అనుకుంటారు. తెలుగు మాటలైతే అసలు చదవదు, ఖాళీ వదిలేస్తుంది. బిల్లు అచ్చు వేసి తెమ్మని వాళ్లను అడగమని సాఫ్ట్‌వేర్ కంపెనీ సలహా ఇచ్చింది. నాకది నచ్చలేదు. ఆ డ్రైవరన్న రాత్రి రెండింటికి లేచి వచ్చి మన సెయిలర్‌ను దింపి వచ్చాడు. అతను రాసిన కాగితం చదవడం మనం నేర్చుకోవాలి. ప్రస్తుతం చేతిరాత బిల్లులన్నీ మేమే చూసి కొడుతున్నాం. తెలుగు చేరుస్తామని రెండుసార్లు మాటిచ్చారు, ఎదురుచూస్తున్నాను.

ఇక అసలు విషయం, మొబైల్ యాప్.

రేవులో మా మనిషి ఒక నెల్లూరు అబ్బాయి, ఇంకా ముప్పై నిండలేదు, నేను తమ్ముడూ అని పిలుస్తాను. అతనికి యాప్ ఇచ్చారు. ఓడను బెర్త్‌కు కట్టగానే, పైలట్ దిగగానే, సరుకు పని మొదలవగానే, వాన పడగానే యాప్‌లో నొక్కితే చాలు, ఎస్‌ఓఎఫ్ దానంతటదే తయారవుతుంది. రోజూ సాయంత్రం ఆరింటికి డ్రాఫ్ట్ అన్ని పార్టీలకూ ఆటోమేటిక్‌గా మెయిల్ అవుతుంది. వినడానికి ఎంత బాగుందో చూడండి. మేము కూడా చాలా సంబరపడ్డాం.

బ్రహ్మోత్సవాలు మొదలైన వారం, బుధవారం. మంగంపేట ముగ్గురాయి, అదే బెరైటీస్, ఎత్తుకోవడానికి ఒక ఓడ వచ్చింది. బెర్త్ ఖాళీగా ఉండడంతో నేరుగా వచ్చి అక్కడ ఆగింది. తమ్ముడు పొద్దున్నే ఎక్కాడు. కెప్టెన్ గదిలో కూర్చుని 11:20కి కెప్టెన్ సంతకం పెట్టిన నోటీస్ ఆఫ్ రెడీనెస్ అందుకున్నాడు. ఓడ సరుకు ఎత్తుకోవడానికి తయారుగా ఉందని చెప్పే కాగితం అది, మేము ఎన్‌ఓఆర్ అంటాం. అక్కడే యాప్‌లో 11:20 అని కొట్టాడు, కాగితం ఫొటో తీశాడు. ఓడ లోపల గదులన్నీ ఇనుప గోడలే. ఫోన్‌కు సిగ్నల్ ఉండదు. ఆ తర్వాత అధికారులు వచ్చారు, కాగితాలు, తనిఖీలు, సంతకాలు. అన్నీ ముగించుకుని గ్యాంగ్‌వే, అంటే ఓడ మెట్లు, దిగేసరికి 14:50. అప్పుడు ఫోన్‌కు సిగ్నల్ తగిలింది, యాప్ తన దగ్గరున్నదంతా సర్వర్‌కు పంపింది. ఎన్‌ఓఆర్ అందిన సమయం కింద 14:50 పడింది.

ఆ మూడున్నర గంటలకే అంత గొడవా అని మీకనిపించవచ్చు. ఆ ఓడ అద్దె ఒప్పందం జెన్‌కాన్ 1994 అనే నమూనా ఫారం మీద ఉంది. అందులో నియమం ఇది: ఎన్‌ఓఆర్ మధ్యాహ్నం 12 లోపు ఇస్తే లేటైమ్, అంటే సరుకు ఎత్తడానికి ఇచ్చిన గడువు, ఆ రోజు 13:00 నుంచి లెక్కకు వస్తుంది. 12 దాటాక ఆఫీసు వేళల్లో ఇస్తే మరుసటి పనిదినం 06:00 నుంచి. 11:20 అయితే బుధవారం మధ్యాహ్నం ఒంటిగంట. 14:50 అయితే గురువారం పొద్దున ఆరు. తేడా 17 గంటలు. గడువు దాటితే ఓడను అద్దెకు తీసుకున్న పార్టీ డెమరేజ్ కట్టాలి, ఆ ఓడకు రోజుకు 12,000 డాలర్లు. గంటకు 500. పదిహేడు గంటలకు 8,500 డాలర్లు, మన డబ్బులో ఏడు లక్షల పైనే.

ఆ రోజు ఊరంతా జనం, బస్టాండ్ వైపు బండి కదలడం లేదు. ఇంటికి చేరేసరికి ఏడున్నర దాటింది. అమ్మకు మందులిచ్చి ఫోన్ చూసుకున్నాను. ఆరింటికి డ్రాఫ్ట్ వెళ్లిపోయింది. అద్దెకు తీసుకున్న పార్టీ నుంచి అప్పటికే జవాబు వచ్చింది, ఎన్‌ఓఆర్ 14:50కి అందినట్టు నమోదు చేసుకున్నాం, ధన్యవాదాలు అని. ఆ ధన్యవాదాలు చదివేసరికి నా కాళ్లు చల్లబడ్డాయి. వెంటనే తమ్ముడికి ఫోన్ కొట్టాను.

"తమ్ముడూ, ఎన్‌ఓఆర్ ఎన్నింటికి తీసుకున్నావు?"

"పదకొండూ ఇరవైకి అక్కా. కెప్టెన్ గదిలోనే కొట్టాను యాప్‌లో."

"రెండూ యాభై అని పడిందిరా."

కొంతసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "అక్కా, నా జేబులో డైరీ ఉంది, అందులో రాసుకున్నాను, చూసి చెప్తా ఉండు" అన్నాడు.

రెండు నిమిషాల్లో ఫొటో పంపాడు. నాలుగు వేళ్ల వెడల్పున్న చిన్న డైరీ, చెమటకు అంచులు ఉబ్బిపోయాయి. నీలం పెన్నుతో వరసగా, 10.35 గ్యాంగ్‌వే, 11.20 ఎన్‌ఓఆర్, పక్కన కెప్టెన్ పొడి సంతకం. ఆ పొడి సంతకం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. యాప్ ఇచ్చాక డైరీ అక్కర్లేదని మేమే అతనికి చెప్పాం. రేవులో అతనికి పని నేర్పిన పెద్దాయన మాత్రం డైరీ వదలొద్దని చెప్పాడట, అందుకని రాస్తూనే ఉన్నాడు.

మూడు రోజులు మెయిళ్లు నడిచాయి. అవతలి వాళ్లది ఒకే మాట, మీ ఎస్‌ఓఎఫ్‌లో మీరే రాశారు కదా అని. వాళ్లను తప్పు పట్టను, వాళ్ల డబ్బు వాళ్లు చూసుకున్నారు. ఆఖరికి కెప్టెన్ సంతకం, సీలు, టైము ఉన్న అసలు ఎన్‌ఓఆర్ కాగితం, డైరీ పేజీ, ఫోన్లో 11:22కి తీసిన ఫొటో మూడూ కలిపి పెట్టాం. కెప్టెన్ సవరించిన ఎస్‌ఓఎఫ్ మీద మళ్లీ సంతకం చేశాడు. ఒప్పుకున్నారు.

సాఫ్ట్‌వేర్ కంపెనీని అడిగితే వచ్చిన జవాబు విని ఆశ్చర్యపోయాను. ఎవరూ టైములు దిద్దకుండా ఉండాలని సర్వర్‌కు చేరిన సమయాన్నే అసలు సమయంగా తీసుకునేలా తయారు చేశారట. మోసం జరగకూడదనే ఉద్దేశం మంచిదే. కానీ ఇనుప గదిలో సిగ్నల్ ఉండదన్న సంగతి ఓడ ఎక్కిన ఏ మనిషిని అడిగినా చెబుతాడు. తయారు చేసిన వాళ్లు ఎవరినీ అడగలేదు. ఆరు వారాల తర్వాత కొత్త వెర్షన్‌లో రెండు గడులు పెట్టారు, పని జరిగిన సమయం ఒకటి, సర్వర్‌కు అందిన సమయం ఒకటి. ఇప్పుడు రెండూ కనిపిస్తున్నాయి. మార్చినందుకు వాళ్లకు మార్కులు ఇస్తాను. మీరు ఏ కంపెనీ యాప్ చూసినా డెమోలో ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి నాలుగు టైములు కొట్టండి. గంట తర్వాత నెట్ ఆన్ చేసి ఏ టైము పడిందో చూడండి. ఈ ఒక్క పరీక్ష చేయకుండా సంతకం పెట్టొద్దు.

మా ఆఫీసులో ఇప్పుడు సాయంత్రం ఆరింటి ఆటో మెయిల్ ఆపేశాం. డ్రాఫ్ట్ ముందు నా దగ్గరికి వస్తుంది. నేను తమ్ముడికి ఫోన్ చేసి, అతను డైరీ చూసి చదువుతుంటే, నేను స్క్రీన్ మీద ఒక్కొక్కటీ కలుపుకుంటాను. పది నిమిషాలు పడుతుంది. వాన ఆగిన టైములు, హ్యాచ్ (సరుకు గది మూత) మూసిన టైములు అన్నీ ఇలాగే. ఆ తర్వాతే బయటికి వెళ్తుంది.

మిగతావి క్లుప్తంగా. ఓడ ఎక్కడుందో మ్యాప్ మీద చూపిస్తుంది, రేవుకు ఎప్పుడొస్తుందో అంచనా వేస్తుంది. పర్వాలేదు, అయితే కెప్టెన్ పంపే మెయిల్‌నే నమ్మండి. మా మేనమామకు బంగారుపాళ్యంలో తోతాపురి తోట ఉంది. ఎర్రసముద్రంలో దాడుల వల్ల 2023 చివరి నుంచి చాలా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లడం మొదలుపెట్టాక, మామిడి గుజ్జు వెళ్లే ఓడ ఎక్కడిదాకా పోయిందమ్మా అని ఆయన అడిగితే ఈ మ్యాప్ తెరిచి చూపించాను. కేప్ ఆఫ్ గుడ్ హోప్ దగ్గర చిన్న చుక్క. చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు.

ఓడలో సరుకు ఎక్కిందని ఇచ్చే పత్రం బిల్ ఆఫ్ లేడింగ్, దాన్ని ఎలక్ట్రానిక్‌గా ఇవ్వడానికి ఒక మెనూ ఉంది, మేము ఇంకా వాడలేదు. 1856 నాటి పాత చట్టం స్థానంలో 2025లో కొత్త బిల్స్ ఆఫ్ లేడింగ్ చట్టం వచ్చింది గానీ, మా పార్టీల బ్యాంకులు ఇప్పటికీ మూడు ఒరిజినల్ కాగితాలే అడుగుతున్నాయి. మా ఆఫీసు అబ్బాయి వాటిని కవర్లో పెట్టుకుని సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వెళ్తూనే ఉన్నాడు. వారానికి నాలుగుసార్లు వెళ్లేవాడు ఇప్పుడు ఒకసారి వెళ్తున్నాడు. మిగతా రోజుల్లో రసీదుల స్కానింగ్ నేర్పించాం, బాగా చేస్తున్నాడు. సాఫ్ట్‌వేర్ వచ్చిందని మా దగ్గర ఎవరినీ తీసేయలేదు. ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను, ఎందుకంటే కాకినాడ సార్ మొదట అడిగింది అదే.

సపోర్ట్ లైన్ రాత్రి కూడా పలుకుతుంది. ఓడలు రాత్రి పగలు చూసి రావు కాబట్టి ఇది చాలా అవసరం. ఇంగ్లిష్, హిందీ మాత్రమే మాట్లాడతారు. ట్రైనింగ్ మూడు రోజులిచ్చారు, మూడో రోజు రేవు వాళ్లను కూడా కూర్చోబెట్టాలని మేం పట్టుబట్టాల్సి వచ్చింది. ధర మాకు ఒక్కో యూజర్‌కు నెలకు 4,200 రూపాయలు, జీఎస్టీ అదనం. నెలకు రెండు మూడు ఓడలు మాత్రమే చూసే ఏజెన్సీకి ఇది బరువే. వాళ్లు లెక్కల భాగం ఒక్కటే విడిగా ఇస్తారేమో అడిగి చూడండి. ఎనిమిది, పది ఓడలు చూసేవాళ్లకు డబ్బు తిరిగొస్తుంది.

ఐదుకు ఎంత ఇస్తావని అడిగితే క్రూ కాగితాలకు ఐదు, లెక్కలకు నాలుగు, మొబైల్ యాప్‌కు సవరణ తర్వాత కూడా మూడు.

వచ్చే నెల మా లైసెన్సుల రెన్యూవల్. మేనేజర్ సార్ అభిప్రాయం రాసివ్వమన్నారు. ఐదూ కొనసాగించమని రాశాను. తెలుగు బిల్లుల సంగతి కాంట్రాక్టులోనే తేదీ వేసి రాయించుకోమన్నాను. ఆఖర్లో ఇంకో వరస చేర్చాను, నెల్లూరు తమ్ముడికి వానకు తడవని అట్ట ఉన్న డైరీలు పన్నెండు, నెలకొకటి చొప్పున, ఆఫీసు ఖర్చు మీద కొనివ్వాలని.